కుడి ఎడమల రసాయనం: ఈనోలేట్ ఆకృతి, ఆల్డాల్ చర్య

(మార్కండిలో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో, ముఖ్యంగా విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నేటి విషయం పేరు వినగానే రసాయనశాస్త్రం చదివే పిల్లలు ఇది పరీక్షలో వచ్చే ప్రశ్నే కదా అనుకొంటారు. వలలు బాగుచేసుకొనే పెద్దలు మాకెందుకీ గొడవ అనుకొంటారు. ఇద్దరికీ సరిపడేటట్లు చెప్పాలన్నదే నా ప్రయత్నం. ఈ తీరం నుండి మన పిల్లల్లో కొందరు పైడిభీమవరానికీ, పరవాడకూ, హైదరాబాదుకూ మందుల కర్మాగారాల్లో పనికి వెళ్తున్నారు. అక్కడ వారు రోజూ చేతులతో చేసే పనికి వెనుక ఉన్న కారణం వారి చెవికి వారి నుడిలో ఎప్పుడూ పడదు. బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మూడు భాషలు రావడం భాగ్యమే. కాని ఒక చిక్కు విషయం లోతుగా అర్థం కావలసి వచ్చినప్పుడు మనసు అమ్మనుడివైపే తిరుగుతుంది. కాబట్టి ఆ చిక్కు విషయాన్నే నేరుగా తెలుగులో పట్టుకొందాం.

ముందుగా కుడి ఎడమల సంగతి. పూజామందిరంలో ఉండే శంఖాన్ని తలచుకోండి. లక్షల శంఖాలు ఒకే వైపు సుడి తిరిగి ఉంటాయి. ఎక్కడో ఒకటి ఎదురు సుడితో దొరికితే దాన్ని దక్షిణావర్తమని ఎంతో వెల పెట్టి కొంటారు. రెండింటిలో ఉన్నది ఒకే సున్నపు పదార్థం, ఒకే కొలత, ఒకే బరువు. అయినా ఒకదానిని ఎటు తిప్పినా రెండోదాని మీద అతికినట్లు కూర్చోదు. అవి అద్దంలో బింబ ప్రతిబింబాలు. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. మనం దక్షిణావర్తమనే శంఖాన్ని జంతుశాస్త్రజ్ఞులు ఎడమ సుడి శంఖమంటారు. వారు మొన పైకి పెట్టి చూస్తారు, మనవారు మొన కిందికి పెట్టి చూస్తారు. శంఖం మారలేదు, పట్టుకొన్న తీరు మారింది, దానితో పేరు మారింది. శాస్త్రంలో పేర్లకు ఇలాంటి ఒడంబడిక ఎప్పుడూ ఒకటి ఉంటుందని గుర్తుంచుకొంటే ముందుకు పోయే కొద్దీ తికమక ఉండదు.

అణువులకు కూడా ఇటువంటి సుడి ఉంటుంది. ఒక కార్బన్ పరమాణువుకు నాలుగు వేర్వేరు గుంపులు తగిలి ఉంటే, వాటిని అమర్చే విధానాలు రెండు. ఒకటి కుడి, ఒకటి ఎడమ. మన శరీరంలోని మాంసకృత్తులు, ఎంజైములు అన్నీ ఒకే సుడి ఉన్న అమైనో ఆమ్లాలతో కట్టినవి. అందువల్ల శరీరం రెండు సుడులనూ ఒకేలా చూడదు. కార్వోన్ అనే పదార్థం ఒక సుడిలో పుదీనా జాతి వాసన వేస్తుంది, రెండో సుడిలో షాజీరా వాసన వేస్తుంది. ముక్కుకే ఇంత తేడా తెలిస్తే, లోపల మందు పనిచేసే చోట తెలియకుండా ఉంటుందా? మన గంజాం మొగలిపూల నూనె సంగతి అడుగుతారేమో. దానిలో ప్రధానమైన అణువుకు కుడి ఎడమలు లేవు. అద్దంలో చూసినా అది అదే. ప్రకృతి అన్నిచోట్లా సుడి తిప్పదు.

ఇక ఆల్డాల్ చర్య. 1872లో ఫ్రాన్సులో షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్, అదే కాలంలో రష్యాలో అలెగ్జాండర్ బొరొదిన్ దీన్ని ఎవరికి వారుగా కనుగొన్నారు. ఈ బొరొదిన్ వైద్యుడు, రసాయనాచార్యుడు. లోకం మాత్రం ఆయనను సంగీతకర్తగానే ఎక్కువ గుర్తుపెట్టుకొంది. ఆల్డిహైడ్ లక్షణమూ ఆల్కహాల్ లక్షణమూ కలిసిన పదార్థం పుట్టింది కాబట్టి రెండు పేర్ల ముక్కలూ అతికి ఆల్డాల్ అన్నారు. చర్య సారాంశం ఒక్క మాటలో చెప్పవచ్చు: రెండు చిన్న అణువులను కార్బన్‌కు కార్బన్ కలిపి ఒక పెద్ద అణువుగా కుట్టడం.

కుట్టు ఎలా పడుతుందో చూద్దాం. కార్బన్, ఆక్సిజన్ రెండు బంధాలతో కలిసి ఉన్న చోటును కార్బొనైల్ అంటాం. దాని పక్క కార్బన్ మీద ఉన్న హైడ్రోజన్ పట్టు కాస్త వదులు. బలమైన క్షారం తగిలితే అది ఊడిపోతుంది. ఊడినచోట మిగిలిన రుణావేశం ఆక్సిజన్ వైపు జరిగి, రెండు కార్బన్ల నడుమ ద్విబంధం ఏర్పడుతుంది. ఇదే ఈనోలేట్. ఇది సీసాలో పోసి దాచుకొనే సరుకు కాదు. అక్కడికక్కడ తయారుచేసి, అక్కడికక్కడ వాడుకోవలసినది. ఇది పోయి మరొక అణువులోని కార్బొనైల్ కార్బన్‌ను పట్టుకొంటే ఆల్డాల్ తయారవుతుంది.

అసలు కథ ఆ ద్విబంధంలో ఉంది. పడవ చెక్కను ఒక్క మేకుతో కొడితే ఆ మేకు చుట్టూ చెక్క తిరుగుతుంది. రెండు మేకులు కొడితే కదలదు. కార్బన్ల మధ్య ఒక బంధం ఉంటే తిరుగుడు ఉంటుంది, రెండు బంధాలు ఉంటే ఉండదు. కాబట్టి ఈనోలేట్‌లో ఒక కార్బన్ మీద ఉన్న ఆక్సిజన్, రెండో కార్బన్ మీద ఉన్న మిథైల్ గుంపు, రెండూ ఒకే పక్కన బిగిసిపోవచ్చు, లేదా ఎదురెదురు పక్కల బిగిసిపోవచ్చు. ఒకసారి బిగిశాక తమంతట తాము మారవు.

ఈ రెండు రూపాలకు ప్రపంచమంతా జెడ్ అని, ఇ అని పేర్లు పెట్టుకొంది. ఇవి ఇంగ్లీషు అక్షరాలని చాలామంది అనుకొంటారు. కావు. జెడ్ అన్నది త్సుజామెన్ అనే జర్మన్ మాటకు తొలి అక్షరం. కలిసి అని దాని అర్థం. ఇ అన్నది ఎంట్‌గేగెన్ అనే మాటకు తొలి అక్షరం. ఎదురుగా అని అర్థం. జర్మన్లు కానివారందరూ ఈనాడు జర్మన్ మాటల మొదటి అక్షరాలతోనే పరీక్షలు రాస్తున్నారు. తెలుగు పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది: జెడ్ అంటే జంట, ఇ అంటే ఎదురు. మొదటి ధ్వనులు కూడా ఇంచుమించు కలిశాయి! పరీక్షలో జెడ్, ఇ అనే రాయండి. మనసులో మాత్రం జంట, ఎదురు అనుకోండి. ఒక జాగ్రత్త: ఇక్కడ లోహాన్ని పట్టుకొన్న ఆక్సిజన్‌నే పెద్దగా లెక్కించడం ఆనవాయితీ. శంఖాన్ని ఎలా పట్టుకోవాలన్నట్టే ఇదీ ఒక ఒడంబడిక.

ఇప్పుడు ప్రధాన ప్రశ్న. జంట ఈనోలేట్ అయితే ఏమి, ఎదురు ఈనోలేట్ అయితే ఏమి?

ఆల్డాల్ కుట్టు పడినప్పుడు సాధారణంగా రెండు కొత్త సుడులు ఒకేసారి పుడతాయి. ఒకటి మిథైల్ ఉన్న కార్బన్ మీద, రెండోది కొత్తగా హైడ్రాక్సిల్ వచ్చిన కార్బన్ మీద. ఒక్కొక్కటి కుడిగానో ఎడమగానో ఉండవచ్చు కాబట్టి మొత్తం నాలుగు ఫలితాలు. అణువు గొలుసును కాగితం మీద వంకరటింకర గీతగా గీస్తే, మిథైల్, హైడ్రాక్సిల్ రెండూ ఒకే వైపు ఉన్న జత ఒకటి, చెరొక వైపు ఉన్న జత ఒకటి. మొదటిదాన్ని సిన్ అంటారు, ఒకవైపు ఫలితం. రెండోదాన్ని ఆంటీ అంటారు, ఎదురువైపు ఫలితం. ఒక్కొక్క జతలోనూ బింబం, ప్రతిబింబం రెండూ ఉంటాయి.

1957లో హోవర్డ్ జిమ్మర్మన్, ఆయన శిష్యురాలు మార్జరీ ట్రాక్స్‌లర్ ఈ చిక్కుముడికి ఒక బొమ్మ గీశారు. ఆ బొమ్మ నేటికీ తరగతి గదుల్లో నిలిచి ఉంది. వారు చెప్పినదేమిటంటే, రెండు అణువులు కలిసే క్షణంలో లోహ పరమాణువు ఒక చేత్తో ఈనోలేట్ ఆక్సిజన్‌ను, మరొక చేత్తో ఆల్డిహైడ్ ఆక్సిజన్‌ను పట్టుకొంటుంది. అప్పుడు ఆరు పరమాణువుల వలయం ఏర్పడుతుంది: లోహం, ఆక్సిజన్, కార్బన్, కార్బన్, కార్బన్, ఆక్సిజన్. ఈ వలయం బల్లపరుపుగా ఉండదు. మన పాత ఇళ్ల అరుగుల మీద వేసే పడక కుర్చీలా, ఒక కొస పైకి, ఒక కొస కిందికి వంగి ఉంటుంది. రసాయనశాస్త్రం పుస్తకాల్లో కూడా దాని పేరు కుర్చీ రూపమే.

కుర్చీ మీద ప్రతి పరమాణువుకూ రెండు రకాల చోట్లున్నాయి. ఒకటి నిటారుగా పైకో కిందికో పోయే ఇరుకు చోటు, దానినే అక్షీయ స్థానం అంటారు. రెండోది పక్కకు చాచుకొనే విశాలమైన చోటు, మధ్యరేఖీయ స్థానం. ఆల్డిహైడ్ తనతో తెచ్చుకొన్న పెద్ద గుంపు ఎప్పుడూ విశాలమైన చోటునే కోరుకొంటుంది. రద్దీ బస్సులో పెద్ద గంప ఉన్నవారు తలుపు దగ్గరే నిలబడతారు, అలాంటిదే. మరి ఈనోలేట్ మీది మిథైల్? దానికి కోరుకొనే అవకాశం లేదు. ద్విబంధం రెండు మేకులతో దాన్ని ముందే బిగించింది. జంట ఈనోలేట్ అయితే మిథైల్ ఇరుకు చోటులోకి పోక తప్పదు. ఎదురు ఈనోలేట్ అయితే విశాలమైన చోటులోకి వస్తుంది. ఆ కుర్చీని విప్పి గొలుసుగా పరచి చూస్తే, జంట ఈనోలేట్ నుండి ఒకవైపు ఫలితం, ఎదురు ఈనోలేట్ నుండి ఎదురువైపు ఫలితం వస్తాయి.

మొత్తం ఉపన్యాసంలో గుర్తుంచుకోవలసిన వాక్యం ఇదొక్కటే. రెండు అణువులు ఒకదానికొకటి ఎదురుపడక ముందే, ఈనోలేట్ ఎలా తయారైందన్న దానిలోనే, ఫలితం ఏ జతలోదో తేలిపోతుంది.

ఒక మందుల కర్మాగారంలో నేను కొంతకాలం పనిచేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ఈ తీరం వాడే ఒక తమ్ముడు రాత్రి షిఫ్టులో రియాక్టరు చూసేవాడు. బ్యాచ్ షీటులో ఇంగ్లీషులో ఉండేది: ఉష్ణోగ్రత మైనస్ 70 దాటనీయరాదు. ఒక రాత్రి ద్రవ నత్రజని సరఫరా మందగించింది. ఈనోలేట్ తయారవుతుండగానే ఉష్ణోగ్రత పాకుతూ పైకి పోయింది. పై అధికారి పని ఆపవద్దన్నాడు. సరఫరా వచ్చాక మళ్లీ మైనస్ 75కు దించి, మిగతా పని అంతా షీటులో ఉన్నట్లే చేశారు. తెల్లవారి పరీక్షలో ఉండకూడని సాదృశ్యకం హద్దు దాటింది. బ్యాచ్ మొత్తం పోయింది. తమ్ముడు నన్ను అడిగిన ప్రశ్న నేటికీ గుర్తుంది: "సార్, మళ్లీ చల్లబరిచాం కదా, అప్పుడు సర్దుకోదా?"

ఇది తెలివైన ప్రశ్న. అతనికి అర్థమయ్యే మాటల్లోనే చెప్పాను. చేపను పట్టిన వెంటనే ఐసులో పెడితే తాజాగా ఉంటుంది. మూడు గంటలు ఎండలో ఉంచి తర్వాత ఎంత ఐసు వేసినా పోయిన తాజాదనం తిరిగిరాదు. అక్కడ జరిగినది ఇలాంటిదే. బాగా చల్లగా ఉన్నప్పుడు క్షారం ఏ హైడ్రోజన్‌ను ఏ దారిన లాగాలో ఆ దారినే లాగుతుంది, ఒకే రూపపు ఈనోలేట్ తయారవుతుంది. వేడి పెరిగితే రెండో దారి కూడా తెరుచుకొంటుంది. జంట, ఎదురు కలగాపులగమైపోతాయి. తర్వాత చల్లబరిస్తే ఆ కలగాపులగం అలాగే గడ్డకడుతుంది, విడిపోదు. దీనికి తోడు మరొకటి ఉంది. ఆల్డాల్ చర్య వెనక్కు కూడా నడవగలదు. వెచ్చగా ఎక్కువసేపు ఉంచితే పడిన కుట్లు విడిపోయి మళ్లీ పడతాయి. అలా పడ్డప్పుడు తొందరగా వచ్చేదానికి బదులు, ఎక్కువ స్థిరంగా ఉండేదే పోగవుతుంది. సాధారణంగా అది ఎదురువైపు ఫలితం. అందుకే చలి, అందుకే చర్య ముగియగానే వెంటనే ఆపివేయడం.

ఆ సంభాషణ తర్వాత ఆ తమ్ముడు బ్యాచ్ షీటును వేరే కంటితో చదివేవాడు. ఎక్కడ హద్దు దాటితే కొంప మునుగుతుందో, ఎక్కడ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదో తనకు తానే చెప్పగలిగేవాడు.

సరే, కోరిన రూపపు ఈనోలేట్‌ను తయారుచేయడం ఎలా? ఇక్కడ 1970ల నుండి 1990ల దాకా చాలామంది శ్రమపడ్డారు. 1976లో రాబర్ట్ ఐర్లండ్ బృందం ఎస్టర్ల మీద చేసిన పని మొదటి పెద్ద మెట్టు. ఎల్‌డిఎ అనే బలమైన, బొద్దుగా ఉన్న క్షారాన్ని టెట్రాహైడ్రోఫ్యూరాన్ ద్రావణిలో వాడితే ఎదురు రూపం ఎక్కువ వస్తుంది. అదే ద్రావణిలో హెచ్‌ఎంపిఎ అనే మరో ద్రవాన్ని కలిపితే జంట రూపం పైచేయి అవుతుంది. లిథియం పట్టు సడలడమే కారణం. బర్కిలీలో క్లేటన్ హీత్‌కాక్ కీటోన్ల వైపు నుండి వచ్చాడు. కార్బొనైల్‌కు ఒక పక్క టర్షియరీ బ్యూటైల్ వంటి స్థూలకాయం ఉంటే, మిథైల్ దాని ఒరిపిడి పడలేక ఆక్సిజన్ పక్కకు జరుగుతుంది. దాదాపు అంతా జంట రూపమే. దానితో ఆల్డాల్ చేస్తే దాదాపు అంతా ఒకవైపు ఫలితమే. జిమ్మర్మన్, ట్రాక్స్‌లర్ గీసిన కుర్చీ బొమ్మకు ఇంతకన్న మంచి సాక్ష్యం అక్కరలేదు.

లిథియం కన్న బోరాన్ ఇంకా గట్టిగా పనిచేస్తుంది. లిథియం, ఆక్సిజన్‌ల మధ్య దూరం సుమారు 2 ఆంగ్‌స్ట్రాములు. బోరాన్, ఆక్సిజన్‌ల మధ్య అది సుమారు 1.4. బంధాలు పొట్టివైతే కుర్చీ బిగుతుగా ఉంటుంది. కుర్చీ బిగుతైతే చోటు కోసం పోట్లాట పెరుగుతుంది. తప్పుడు చోట కూర్చొనే వీలు తగ్గుతుంది. డైబ్యూటైల్ బోరాన్ ట్రైఫ్లేట్ వాడితే జంట ఈనోలేట్. 1989లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హెచ్.సి. బ్రౌన్, ఆయనతో పనిచేసిన మన దేశపు పరిశోధకులు చూపినట్లు, డైసైక్లోహెక్సైల్ బోరాన్ క్లోరైడ్ వాడితే ఎదురు ఈనోలేట్. సీసా మారిస్తే సుడి మారుతుంది. బ్రౌన్‌కు 1979లో నోబెల్ వచ్చింది.

ఇంతవరకు చెప్పినదానితో తీరని ముడి ఒకటి మిగిలింది. దీన్ని దాటవేసే పాఠ్యపుస్తకాలున్నాయి, అందుకే ఆగి చెబుతున్నాను. ఈనోలేట్ ఆకృతి ఒకవైపా, ఎదురువైపా అన్నదానినే తేలుస్తుంది. ఆ జతలో బింబమా, ప్రతిబింబమా అన్నది అది తేల్చలేదు. రెండూ చెరిసగం వస్తాయి. దానికి వేరే ఏర్పాటు కావాలి. 1981లో డేవిడ్ ఎవన్స్ చేసిన ఏర్పాటు చక్కనిది. వాలీన్ అనే అమైనో ఆమ్లం మనం తినే పప్పులో ఉన్నదే. అది ప్రకృతిలో ఒకే సుడితో దొరుకుతుంది. దాని నుండి ఆక్సజోలిడినోన్ అనే చిన్న వలయం చేసి అణువుకు తాత్కాలికంగా తగిలిస్తారు. అది ఒక పక్కకు అడ్డుగోడలా నిలబడుతుంది. ఆల్డిహైడ్ రెండో పక్కనుండే రావాలి. బోరాన్ ఈనోలేట్ జంట రూపాన్ని ఇస్తుంది, అడ్డుగోడ పక్కను నిర్ణయిస్తుంది, నాలుగు ఫలితాల్లో ఒక్కటే దాదాపు మొత్తంగా వస్తుంది. పని అయ్యాక గోడను విప్పేస్తారు.

ఈ నేర్పు దేనికి అక్కరకు వచ్చింది? ఎరిత్రోమైసిన్ మాత్ర మీలో చాలామంది ఇళ్లకు వచ్చే ఉంటుంది. 1949లో ఫిలిప్పీన్స్ మట్టి నుండి ఒక వైద్యుడు పంపిన నమూనాలో దొరికిన సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తుంది. చక్కెరలను తీసివేసినా మిగిలే పెద్ద వలయంలో పది సుడులున్నాయి. పది చోట్లా కుడో ఎడమో అంటే 1024 రూపాలు. వాటిలో ఒక్కటే సరైనది. ఆ వలయం మూడు కార్బన్ల ముక్కలు ఏడు వరుసగా కుట్టినది. కాబట్టి ఆల్డాల్ చర్యకు అదొక సహజమైన పరీక్ష అయింది. 1981లో సతోరు మసమునె బృందం, సుడి ఉన్న బోరాన్ ఈనోలేట్లతో, ఆ వలయపు మూలరూపాన్ని ఒక్కొక్క ఆల్డాల్ కుట్టుతో కట్టింది. అదే ఏడు ప్రకటితమైన వుడ్‌వర్డ్ బృందపు ఎరిత్రోమైసిన్ సంశ్లేషణ వేరే దారిది. వుడ్‌వర్డ్ 1979లోనే మరణించాడు, శిష్యులు పని ముగించారు. వారి దారిలో ఒక ఆల్డాల్ మెట్టుకు ప్రోలీన్ అనే మరో అమైనో ఆమ్లం సాయపడింది. అదే ప్రోలీన్‌తో, లోహం లేకుండానే, మామూలు ఆల్డాల్ చర్యకు సుడి తెప్పించవచ్చని 2000లో బెంజమిన్ లిస్ట్ బృందం చూపింది. లిస్ట్‌కు డేవిడ్ మాక్‌మిలన్‌తో కలిపి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

హైదరాబాదు మాట. ఐఐసిటిలో గుంటూరుకు చెందిన ఎ.వి. రామారావు 1985 నుండి 1995 వరకు సంచాలకుడిగా ఉన్న కాలం నుండి, సుడులు నిండిన సహజ అణువులను కట్టే పని ఒక పరంపరగా సాగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య దీవి బసవయ్య ఇంకొక దారి పట్టారు. ఆయన బ్రౌన్ దగ్గర పనిచేసి వచ్చినవారు. 1972 నాటి ఒక పేటెంటులో బేలిస్, హిల్‌మన్ అనే ఇద్దరు వర్ణించి వదిలేసిన చర్యను ఆయన, ఆయన శిష్యులు దశాబ్దాల పాటు తవ్వి, 1996లోనూ 2003లోనూ రాసిన సమీక్షలతో ప్రపంచ రసాయనశాస్త్రజ్ఞుల ముందుంచారు. అదీ ఒక రకం ఆల్డాలే. ఒక అమైన్ పోయి అక్రిలేటు వంటి అణువుకు తగులుకొంటుంది, ఈనోలేట్ పుడుతుంది, అది ఆల్డిహైడ్‌ను పట్టుకొంటుంది, పని ముగిశాక అమైన్ విడిపోతుంది. అమైన్ పోతూ పోతూ ఈనోలేట్ కార్బన్ మీద పుట్టిన సుడిని తుడిచేసి పోతుంది. హైడ్రాక్సిల్ ఉన్న చోటి సుడి ఒక్కటే మిగులుతుంది. కాబట్టి అక్కడ ఒకవైపు, ఎదురువైపు అన్న ప్రశ్నే ఉండదు. పక్కను ఎంచుకోవడమే అసలు సమస్య. ఒకే కుటుంబంలోని రెండు చర్యలకు కష్టాలు వేర్వేరు.

మన ఇసుకకు కూడా ఈ కథలో చోటుంది. ఛత్రపురం దగ్గర ఐఆర్ఇఎల్ సంస్థ మన తీరపు నల్ల ఇసుక నుండి ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ వంటి ఖనిజాలను వేరుచేస్తున్న సంగతి మీకు తెలుసు. ఇల్మనైట్, రూటైల్ టైటానియం ఖనిజాలు. జిర్కాన్‌లో జిర్కోనియం ఉంది. టైటానియం ఖనిజాన్ని బొగ్గు సమక్షంలో క్లోరిన్‌తో వేడిచేస్తే పొగలు కక్కే టైటానియం టెట్రాక్లోరైడ్ ద్రవం వస్తుంది. 1990లో ఎవన్స్ బృందం ఖరీదైన బోరాన్ బదులు దీనితో ఈనోలేట్లు చేసి ఒకవైపు ఫలితాలను సాధించింది. జిర్కోనియం మరీ తలతిక్కది. దాని ఈనోలేట్ జంట అయినా ఎదురైనా ఒకవైపు ఫలితాన్నే ఎక్కువగా ఇస్తుంది. కుర్చీ సూత్రం అన్ని లోహాలకూ ఒకేలా చెల్లదనడానికి ఇదొక నిదర్శనం. 1973లో తెరుయాకి ముకయామా కనిపెట్టిన పద్ధతిలో ఈనోలేట్ ఆక్సిజన్ మీద సిలికాన్ ఉంటుంది. సిలికాన్ సాధారణంగా రెండో ఆక్సిజన్‌ను పట్టుకోదు. కుర్చీ ఏర్పడదు. అక్కడ ఈనోలేట్ ఆకృతి మాట అంతగా చెల్లదు. లోహం రెండు చేతులా పట్టుకొన్నప్పుడే ఈ సూత్రానికి బలం.

చివరగా, పెద్దల్లో కొందరు కొలెస్టరాల్ కోసం రాత్రి వేసుకొనే అటోర్వాస్టాటిన్. 1985లో అమెరికాలో బ్రూస్ రాత్ దీన్ని మొదట చేశాడు. ఆయన బృందం సుడిని తెప్పించిన మెట్టు ఆల్డాలే. కాని అక్కడ వాడింది అసిటేట్ ఈనోలేట్. దాని కొస కార్బన్ మీద మిథైల్ లేదు, ఉన్నవి రెండూ హైడ్రోజన్లే. రెండు వైపులా ఒకే సరుకు ఉన్నప్పుడు జంట ఏది, ఎదురు ఏది? కాబట్టి ఆకృతి ఇచ్చే సాయం పూర్తిగా పోతుంది. సుడి అంతా తగిలించిన అడ్డుగోడ మీదే ఆధారపడాలి. అసిటేట్ ఆల్డాల్ చూడడానికి సులువు, చేయడానికి కష్టం అని ప్రయోగశాలల్లో అనుకోవడానికి కారణం ఇదే. ఆ మందులో రెండు హైడ్రాక్సిళ్లు ఒకే వైపు ఉండాలి. రెండోదాన్ని సరైన వైపు తెప్పించడానికి నరసాకా, ప్రసాద్‌ల పేర్లు మోసే క్షయకరణం వాడతారు. అక్కడ బోరాన్ మళ్లీ రెండు ఆక్సిజన్లను పట్టుకొని ఆరు పరమాణువుల వలయం చేస్తుంది. మళ్లీ మైనస్ 78 దగ్గరి చలి. ఇంతవరకు విన్నవారికి ఆ చలి ఎందుకో నేను వేరే చెప్పనక్కరలేదు.

వేదిక పక్కన బల్ల మీద చీపురుపుల్లలు, మట్టి ఉండలతో చేసిన రెండు కుర్చీ నమూనాలు పెట్టాను. ఎర్ర ఉండలు ఆక్సిజన్, నల్ల ఉండ లోహం, తెల్లది మిథైల్. ఒకదానిలో మిథైల్ నిలువుగా ఉంది, మరొకదానిలో పక్కకు చాచి ఉంది. పిల్లలు వచ్చి నల్ల ఉండను తీసివేసి, గొలుసును నిదానంగా చాపి, తెల్ల ఉండ, హైడ్రాక్సిల్ ఉండ ఏ ఏ వైపులకు వచ్చాయో చూసి చెప్పండి. బరంపురంలో ఎం.ఎస్సీ. చదివే వారు పక్కన నిలబడి సాయం చేస్తారు. పుల్లలు విరిగితే కంగారు పడనక్కరలేదు, ఇంకా చాలా తెచ్చాను.